ఆయిల్ ముల్లు ఎప్పుడు పడిపోతోంది?

వాహన సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో మూడు ఒకే విషయం మీద ఉన్నాయి. అందువల్ల మిగిలిన సందేహాలను వచ్చే సంచికకు వాయిదా వేసి, పాత వాహనాలలో ఆయిల్ ప్రెషర్ తగ్గడం గురించి మాత్రమే సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: మా నాన్నగారు 1996లో కొన్న డీజిల్ జీపు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. పొలం పనులకూ, మిర్చి కోతల కాలంలో బస్తాలను ఖమ్మం మార్కెట్‌కు చేర్చడానికీ దాన్నే వాడుతున్నాను. కిలోమీటర్ల మీటరు ఆగిపోయి పదేళ్లు దాటింది కనుక బండి ఎంత తిరిగిందో చెప్పలేను. పొద్దున స్టార్టు చేయగానే ఆయిల్ ప్రెషర్ ముల్లు 4 కిలోల (చదరపు సెంటీమీటరుకు) దగ్గర నిలబడుతుంది. ఎండలో ఖమ్మం చేరి, బండిని ఆపి ఇంజిన్‌ను స్లోలో ఉంచేసరికి ముల్లు అర కిలో కంటే కిందికి జారి ఎర్ర బల్బు మినుకుమంటోంది. రోడ్డు మీద వెళుతున్నప్పుడు మాత్రం రెండున్నర కిలోల దాకా చూపిస్తుంది. ఒక మెకానిక్ ఇంజిన్ దించి బేరింగులు మార్చాలంటున్నారు. రెండో ఆయన ఆయిల్ పంపు మారిస్తే చాలంటున్నారు. మూడో ఆయన ఒక లీటరు 90 నంబరు గేర్ ఆయిల్ కలిపి చూడమంటున్నారు. నాకు ఒక్క సంగతి మాత్రం ధైర్యంగా ఉంది. కిందటి ఉగాదికి ఆయిల్ మార్చిన తరువాత ఈ ఇంజిన్ చుక్క ఆయిల్ తాగలేదు. డిప్‌స్టిక్ మీద మట్టం పై గీతకు కొంచెం పైనే ఉంది. ఎవరి మాట వినాలి?
– ఒక రైతు, మధిర

జవాబు: మీకు ధైర్యం ఇస్తున్న ఆ సంగతి దగ్గరే నేను ముందుగా ఆగిపోయాను. దాదాపు ముప్పై ఏళ్లు తిరిగిన డీజిల్ ఇంజిన్, పిస్టన్ రింగుల పక్క నుంచీ వాల్వు గైడ్ల వెంటా ఎంతో కొంత ఆయిల్‌ను కాల్చుకోక తప్పదు. ఏడాదిలో ఒక్కసారి కూడా పైన పోయవలసిన అవసరం రాలేదంటే, పైగా మట్టం పెరిగిందంటే, ఖర్చయిన ఆయిల్ స్థానంలోకి మరేదో వచ్చి చేరుతోందని అనుమానించాలి. ఆ చేరేది నీరైతే ఆయిల్ పాలు ఎక్కువైన టీ రంగుకు మారుతుంది, రేడియేటర్‌లో నీళ్లు తరుగుతూ ఉంటాయి. మీరు ఆ రెండూ రాయలేదు కనుక నా అనుమానం డీజిల్ మీద ఉంది.

చాంబరులోకి, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి, డీజిల్ దిగడానికి సాధారణంగా మూడు దారులు ఉంటాయి. మీ ఇంజిన్‌కు పక్కన బిగించిన ఫీడ్ పంపు డయాఫ్రం రకమైతే, లోపలి రబ్బరు పొర చిరిగినప్పుడు డీజిల్ నేరుగా ఇంజిన్‌లోకి కారుతుంది. ఇంజెక్షన్ పంపు షాఫ్టు సీలు అరిగినా అదే జరగవచ్చు. మూడవది ఇంజెక్టర్ నాజిల్: అది డీజిల్‌ను పొగమంచులా చిమ్మకుండా చుక్కలుగా వదులుతుంటే, కాలకుండా మిగిలిన డీజిల్ సిలిండర్ గోడల వెంట రింగులు దాటి కిందికి జారుతుంది, అలాంటప్పుడు పొగ గొట్టంలో తేడా కూడా కనిపిస్తుంది. దారి ఏదైనా ఫలితం ఒక్కటే. 40 డిగ్రీల సెల్సియస్ వద్ద మన బంకుల్లో దొరికే డీజిల్ చిక్కదనం 2 నుంచి 4.5 సెంటీస్టోక్సులు, మీ ఇంజిన్ ఆయిల్‌ది అదే వేడి వద్ద 100 దాటి ఉంటుంది. ఇంత తేడా ఉన్న ద్రవం నూటికి ఐదు పాళ్లు కలిసినా 40 నంబరు ఆయిల్ 30 నంబరు ఆయిల్‌లా ప్రవర్తించడం మొదలుపెడుతుంది.

దీన్ని తెలుసుకోవడానికి మెకానిక్ దగ్గరకు వెళ్లవలసిన పని కూడా లేదు. రాత్రంతా ఆపి ఉంచిన బండికి పొద్దున్నే డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. తరువాత ఒక చుక్కను వడపోత కాగితం మీద వేసి, పక్కనే కొత్త డబ్బాలోని ఆయిల్ చుక్క ఒకటి వేసి, రెండింటినీ కొన్ని గంటలు కదల్చకుండా వదిలేయండి. డీజిల్ కలిసిన ఆయిల్ చుక్క నడిమి నల్లటి మచ్చను దాటి చుట్టూ లేత రంగు వలయంగా వెడల్పుగా పాకుతుంది. శుభ్రమైన ఆయిల్ అంత దూరం పాకదు. ఇది ప్రయోగశాల పరీక్ష కాదు గాని, మట్టం పెరగడం, వాసన, ఈ వలయం మూడూ ఒకే మాట చెబితే నమ్మవచ్చు.

ఇక ముగ్గురు మెకానిక్కుల సలహాలను తూచడానికి ముందు, ప్రెషర్ అనేది ఎక్కడ పుడుతుందో ఒకసారి చూడాలి. ఆయిల్ పంపు ప్రెషర్‌ను తయారు చేస్తుందని చాలామంది అనుకుంటారు. అది చేసేది ఆయిల్‌ను నెట్టడం మాత్రమే. ఆ ఆయిల్ క్రాంక్‌షాఫ్టుకూ బేరింగుకూ మధ్య ఉన్న సన్నని సందుల గుండా బయటపడటానికి పడే ఇబ్బందే గేజిలో ప్రెషర్‌గా కనిపిస్తుంది. మీ పొలంలో డ్రిప్ వేసి ఉంటే ఇది కొత్త సంగతి కాదు: మెయిన్ పైపు చివరి మూత ఊడిపోతే మోటారు అంతే నీటిని తోడుతున్నా గేజి ముల్లు పడిపోతుంది. అప్పుడు మీరు మోటారును మార్చరు, లైను వెంట నడుచుకుంటూ వెళ్లి మూత ఎక్కడ ఊడిందో చూస్తారు. ఇంజిన్‌లో ఆ మూతలు మెయిన్ బేరింగులు, కనెక్టింగ్ రాడ్ బేరింగులు, క్యామ్‌షాఫ్టు బుషులు.

కొత్త ఇంజిన్‌లో బేరింగు సందు సుమారు 0.05 మిల్లీమీటర్లు, అంటే మన తల వెంట్రుక మందం కంటే తక్కువ. సందు పెరిగినప్పుడు దాని గుండా కారే ఆయిల్ అదే నిష్పత్తిలో పెరగదు. సందు ఘనానికి అనుగుణంగా పెరుగుతుంది. 0.05 ఉన్నది 0.10 అయితే కారుదల రెండింతలు కాదు, ఎనిమిదింతలు అవుతుంది. చాలా ఏళ్లు ఏమీ తెలియకుండా నడిచిన ఇంజిన్‌లో ప్రెషర్ ఒకటి రెండు సీజన్లలోనే ఉన్నట్టుండి పడిపోయినట్లు అనిపించడానికి ఈ లెక్కే కారణం. ఇదే విధంగా ఆయిల్ ఎంత పలచనైతే అంత తేలికగా కారుతుంది. 40 డిగ్రీల వద్ద 100 సెంటీస్టోక్సులు దాటిన ఆయిల్ 100 డిగ్రీల వేడికి వచ్చేసరికి 14 ప్రాంతానికి దిగిపోతుంది.

అందుచేత ‘ప్రెషర్ ఎంత ఉంది’ అన్న ప్రశ్న కంటే ‘ఎప్పుడు పడిపోతోంది’ అన్న ప్రశ్నే మనకు ఎక్కువ చెబుతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక స్లోలో పడిపోయి, రేసు ఇవ్వగానే మళ్లీ లేస్తున్నదంటే సందులు పెరిగి ఉండాలి, లేదా ఆయిల్ పలచబడి ఉండాలి, లేదా పంపు పళ్లు అరిగి ఉండాలి. చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా తక్కువే ఉండి, రేసు ఇచ్చినా ఒక అంకె దగ్గరే ఆగిపోతున్నదంటే ప్రెషర్ హద్దు దాటకుండా ఆపే రిలీఫ్ వాల్వులో నలక పడి అది తెరుచుకునే ఉండిపోయిందని అనుకోవాలి. స్లోలో బాగుండి వేగం పెరిగిన కొద్దీ పడిపోతున్నదంటే పంపుకు కావలసినంత ఆయిల్ అందడం లేదని, అంటే పంపు ఆయిల్‌ను పీల్చుకునే చోట ఉండే జాలి (స్ట్రైనర్) పూడుకుపోయిందని అర్థం. మీరు రాసిన అంకెలు మొదటి రకానికి సరిగ్గా సరిపోతున్నాయి. చల్లగా 4 కిలోలు నిలుస్తున్నది కనుక రిలీఫ్ వాల్వు మీద, పరుగులో రెండున్నర వస్తున్నది కనుక స్ట్రైనర్ మీద నాకు పెద్ద అనుమానం లేదు.

వేడి మీద ఎంత ఉండాలన్నది మీ ఇంజిన్ మాన్యువల్ చెప్పినట్లే తీసుకోవాలి. అది చేతిలో లేనప్పుడు పాత మెకానిక్కులు వాడే ఒక మోటు కొలత ఉంది: నిమిషానికి ప్రతి 1000 చుట్లకు చదరపు అంగుళానికి 10 పౌండ్లు, అంటే సుమారు 0.7 కిలోలు. దాని ప్రకారం పరుగులో మీకున్న రెండున్నర కిలోలు చాలినంతే. కాబట్టి మీ ఇంజిన్ ఈ క్షణాన ప్రాణాపాయంలో లేదు. అయితే ఆ అంకెలు నిజమైనవేనా అన్నది తేలిన తరువాతే ఈ మాటకు విలువ ఉంటుంది.

డ్యాష్‌బోర్డు మీది ముల్లును అంతగా నమ్మకూడదు. ఇంజిన్‌కు బిగించిన సెండింగ్ యూనిట్ లోపలి నిరోధకం ప్రెషర్‌ను బట్టి మారుతుంది, ముల్లు ఆ మార్పును చూపిస్తుంది. ముప్పై ఏళ్ల వేడికి ఆ యూనిట్ తప్పు చెప్పడం చాలా మామూలు. ఇలాంటి యూనిట్‌కు మరల చుట్టూ టెఫ్లాన్ టేపు దట్టంగా చుట్టి బిగిస్తే ఎర్తు సరిగా అందక కొత్తది కూడా తప్పు చూపిస్తుంది. మీ ఎర్ర బల్బు స్విచ్ వేరు, ముల్లు యూనిట్ వేరు అయివుంటే, బల్బు సాధారణంగా 0.3 నుంచి 0.5 కిలోల కంటే తగ్గినప్పుడే వెలుగుతుంది కనుక, రెండూ ఒకేసారి ఫిర్యాదు చేయడాన్ని నేను సాక్ష్యంగానే తీసుకుంటాను. అయినా ఒక మెకానికల్ మీటరు తెప్పించి, స్విచ్ విప్పిన రంధ్రంలో బిగించి చూడనిదే ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టవద్దు. మర సైజులు బండిని బట్టి మారతాయి కనుక సరిపోయే అడాప్టర్ వాడాలి. సరిపడని మరను బలవంతంగా తిప్పి బ్లాకులోని మరలను పాడు చేసిన సందర్భాలు నేను చూశాను. బండిని అరగంట రోడ్డు మీద తిప్పి తెచ్చాక స్లోలో ఒకసారి, కొంచెం రేసులో ఒకసారి, గట్టి రేసులో ఒకసారి అంకెలు రాసుకోండి. చల్లటి ఇంజిన్ మీద తీసిన అంకెకు ఈ లెక్కలో విలువ లేదు.

ఆ తరువాత పని డీజిల్ కారే దారిని మూయించడం, ఆయిల్‌నూ ఫిల్టరునూ మార్చడం. ఈ వరుస ముఖ్యం. దారి మూయకుండా కొత్త ఆయిల్ పోస్తే నెలలో మళ్లీ ఇదే స్థితికి వస్తారు. మాన్యువల్ చెప్పిన నంబరునే పోయండి; పాత జీపులకు మన ఎండల్లో 15డబ్ల్యూ-40 గాని 20డబ్ల్యూ-40 గాని మామూలుగా వాడతారు. కొత్త ఆయిల్‌తో అదే ప్రయాణం చేసి అదే మెకానికల్ మీటరుతో మళ్లీ చూడండి. వేడి మీద స్లోలో ముల్లు ఒక కిలో దాకా లేచిందంటే, మీ సమస్యలో ఎక్కువ భాగం ఫీడ్ పంపు దగ్గరో ఇంజెక్టర్ దగ్గరో ఉందన్నమాట. ముగ్గురు మెకానిక్కుల సలహాల్లో ఒక్కటీ దాన్ని ముట్టుకోదు.

లేవకపోతే అప్పుడు వారి మాటలు వినాలి. మూడో ఆయన సలహా గురించి ముందుగా చెబుతాను, ఎందుకంటే మన ప్రాంతంలో అది చాలా మందికి ఇష్టమైన వైద్యం. 90 అన్న అంకె 40 కంటే రెండింతలు పెద్దది కనుక గేర్ ఆయిల్ రెండింతలు చిక్కన అని అనుకోవడం సహజమే. కాని గేర్ ఆయిల్ నంబర్ల కొలబద్ద వేరు, ఇంజిన్ ఆయిల్ నంబర్ల కొలబద్ద వేరు. 100 డిగ్రీల వద్ద 90 నంబరు గేర్ ఆయిల్ చిక్కదనం 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్సుల మధ్య ఉంటుంది. 40 నంబరు ఇంజిన్ ఆయిల్‌ది 12.5 నుంచి 16.3, 50 నంబరుది 16.3 నుంచి 21.9. ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే లీటరు గేర్ ఆయిల్ పోసినా ముల్లు లేవదని తెలుస్తుంది. దానికి తోడు గేర్ల పళ్ల కోసం అందులో కలిపే గంధకం, భాస్వరం రసాయనాలు రాగి కలిసిన బేరింగు లోహానికి మంచివి కావు, మసిని కరిగించి ఫిల్టరుకు చేర్చే గుణం దానికి లేదు. నిజంగా చిక్కని ఆయిలే కావాలంటే 20డబ్ల్యూ-50 ఇంజిన్ ఆయిల్ ఉంది. అది తప్పు పని కాదు, కాని అరిగిన సందును మూయదు, కొన్నాళ్లు ముల్లును కొంచెం పైకి ఉంచుతుంది. బండిని మరో సీజన్ నడిపి తీసేసే ఉద్దేశం ఉన్నవారు ఆ పని తెలిసి చేసుకోవచ్చు.

రిలీఫ్ వాల్వు స్ప్రింగు వెనుక ఒక వాషరు వేసి బిగిస్తే ప్రెషర్ పెరుగుతుందని కూడా మీకు ఎవరో ఒకరు చెబుతారు. ఆ వాల్వు పని ప్రెషర్ ఒక హద్దు దాటకుండా ఆపడం. వేడి మీద స్లోలో అర కిలో ఉన్నప్పుడు అది ఎలాగూ మూసుకునే ఉంటుంది. మూసుకున్న తలుపుకు మరో గడియ వేసినంత మాత్రాన ఇంట్లోకి ఏమీ రాదు. పైగా చల్లటి ఉదయాన హద్దు పెరిగిపోయి ఫిల్టరు సీలు తన్నేయవచ్చు.

రెండో ఆయన చెప్పిన పంపు సంగతి కొట్టిపారేయదగినది కాదు. పంపు పళ్లకూ మూతకూ మధ్య సందు, పళ్లకూ గోడకూ మధ్య సందు పెరిగినప్పుడు ఆయిల్ ముందుకు పోకుండా పంపులోనే వెనక్కి జారిపోతుంది, లక్షణాలు బేరింగు అరుగుదలను పోలి ఉంటాయి. ఈ రెండింటినీ బయట నుంచి విడదీయలేము, చాంబరు దించవలసిందే. ముందు యాక్సిల్ అడ్డు రాకపోతే జీపులో ఇంజిన్ దించకుండానే ఈ పని జరుగుతుంది. పంపును విప్పి మూత మీద స్కేలు అడ్డంగా ఉంచి ఫీలర్ గేజితో సందు చూడాలి; చాలా పంపులకు 0.15 మిల్లీమీటర్లు దాటితే అరిగినట్లే. మూత లోపలి వైపు పళ్లు గీసిన గుంట కనిపిస్తే అక్కడే తేలిపోతుంది.

అదే సమయంలో ఒక మెయిన్ క్యాపునూ, ఒక కనెక్టింగ్ రాడ్ క్యాపునూ విప్పించండి. పంపుకు దూరంగా ఉన్నవాటిని ఎంచుకోవడం మంచిది. బేరింగు షెల్ ముఖం బూడిద రంగులో నిగనిగలాడుతూ సమంగా ఉంటే దాని ఆయువు ఇంకా ఉంది. పై పూత పోయి కింది రాగి రంగు బయటపడి ఉంటే లేదు. కంటితో చూసి తేల్చలేకపోతే ప్లాస్టిగేజ్ అనే సన్నని మైనపు పోగును తుడిచిన జర్నల్ (బేరింగులో తిరిగే క్రాంకు నున్నటి భాగం) మీద ఉంచి, క్యాపును చెప్పిన టార్కుకు బిగించి, క్రాంకును కదల్చకుండా మళ్లీ విప్పి, నలిగిన పోగు వెడల్పును దానితో వచ్చిన కాగితపు కొలతతో పోల్చాలి. ఆ పోగు ఖరీదు ఇంజిన్ దించే కూలీతో పోలిస్తే లెక్కలోకి రాదు, కాని దాన్ని వాడే షెడ్డులు మన దగ్గర తక్కువే. విజయవాడ ఆటోనగర్ మీకు దూరం కాదు కనుక, జర్నల్‌ను మైక్రోమీటరుతో కొలిచి, కోడిగుడ్డు ఆకారానికి తిరిగిందో లేదో రాసి ఇచ్చే లేత్ షాపులను అక్కడ వెదకండి. గుండ్రతనంలో తేడా 0.05 మిల్లీమీటర్ల లోపల ఉంటే ఇప్పుడున్న సైజు షెల్స్ కొత్తవి వేయించుకుని బయటపడవచ్చు. దాటితే క్రాంకును గ్రైండింగ్ చేయించి 0.25 గాని 0.50 గాని అండర్‌సైజు షెల్స్ వేయాలి, అప్పుడే మొదటి మెకానిక్ చెప్పినట్లు ఇంజిన్ దిగుతుంది. పాత షెల్ వెనుక వైపు సైజు అచ్చు వేసి ఉంటుంది. దాన్ని చూడకుండా కొత్తవి కొనవద్దు, ఎందుకంటే మీ నాన్నగారి కాలంలోనే ఒకసారి గ్రైండింగ్ జరిగి ఉండవచ్చు.

ఇక శబ్దం గురించి మీరు రాయలేదు. బరువు మీద ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ అడుగు నుంచి ‘ధబ్ ధబ్’ మని లోతైన మోత వస్తుంటే మెయిన్ బేరింగును, అంతకంటే తేలికగా ‘టక్ టక్’ మని వస్తుంటే రాడ్ బేరింగును అనుమానించాలి. డీజిల్ ఇంజిన్ సహజ శబ్దం దీన్ని కప్పేస్తుంది కనుక, స్లోలో ఒక్కొక్క ఇంజెక్టర్ పైపు నట్టును కొంచెం వదులు చేయించి వినండి. ఏ సిలిండర్‌ను ఆపినప్పుడు మోత తగ్గుతుందో ఆ రాడ్ బేరింగు దోషి. చిమ్మే డీజిల్ చర్మం మీద పడకుండా చేతికి మందమైన గుడ్డ ఉండాలి. అలాంటి మోత ఇప్పటికే ఉంటే పైన చెప్పిన వరుస అంతా అనవసరం, బండిని తోలకుండా నేరుగా చాంబరు దించండి.

ఇవన్నీ తేలేవరకు మిర్చి బస్తాలు వేసుకుని ఖమ్మం వెళ్లవద్దు. స్లోలో బల్బు మినుకుమనడం వల్ల వెంటనే బేరింగు పోదు గాని, బరువు మీద పలచటి ఆయిల్‌తో తిప్పడం వల్ల పోతుంది. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోస్తుంటే దాన్ని కూడా ఒకసారి శుభ్రం చేయించండి; సున్నం పేరుకున్న రేడియేటర్ ఇంజిన్‌ను, దానితో పాటు ఆయిల్‌ను కూడా వేడెక్కిస్తుంది.

ప్రశ్న: మా ఇంట్లో పెట్రోలు అంబాసిడర్ ఉంది, 1489 సీసీ పాత ఇంజిన్. రెండు నెలల క్రితం సర్వీసుకు ఇస్తే, లోపల మసి ఎక్కువగా ఉందని ఇంజిన్‌లో కిరసనాయిలు పోసి పావుగంట నడిపి, దించేసి కొత్త ఆయిల్ పోశారు. అప్పటి నుంచి స్లోలో బల్బు వెలగదు గాని, హైవే మీద 60 దాటగానే వెలుగుతోంది, నెమ్మదిస్తే ఆరిపోతుంది. స్విచ్ రెండుసార్లు మార్చాము. ఆయిల్ మట్టం సరిగానే ఉంది.
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీ కారు లక్షణం పై ఉత్తరానికి సరిగ్గా తలకిందులు, అందుకే రెండింటినీ పక్కపక్కన వేశాను. బేరింగులు అరిగిన ఇంజిన్‌లో బల్బు మొదట స్లోలో వెలుగుతుంది. వేగంలో మాత్రమే వెలుగుతున్నదంటే పంపు అడిగినంత ఆయిల్ దానికి అందడం లేదు. స్విచ్‌ను మూడోసారి మార్చకండి.

ముప్పై ఏళ్లుగా గోడలకు, వాల్వు మూత కింద, పుష్‌రాడ్ల గది మూలల్లో కాటుకలా అంటుకుని ఉన్న మసి అక్కడ ఉన్నంతకాలం పెద్దగా హాని చేయదు. కిరసనాయిలు దాన్ని కరిగించదు, పెళ్లలుగా ఊడదీస్తుంది. ఆ పెళ్లలు డ్రెయిన్ రంధ్రం గుండా కొంతే పోతాయి, మిగిలినవి చాంబరు అడుగున చేరి స్ట్రైనర్ జాలిని కప్పేస్తాయి. స్లోలో పంపుకు కావలసింది కొంచెమే కనుక సగం మూసుకున్న జాలి గుండా కూడా అది అందుతుంది. వేగం పెరిగి అవసరం రెండు మూడింతలు అయ్యేసరికి పంపు ఖాళీని పీల్చడం, ఆయిల్‌లో నురగ పుట్టడం, ప్రెషర్ పడిపోవడం ఒకదాని వెంట ఒకటి జరుగుతాయి. ఈ స్థితి పై రైతు స్థితి కంటే ప్రమాదకరం, ఎందుకంటే బేరింగుల మీద బరువు ఎక్కువగా ఉండే వేళలోనే ఆయిల్ తగ్గుతోంది.

చాంబరు దించి, స్ట్రైనర్‌ను పూర్తిగా విప్పి కడగాలి. పైకి ఊదితే చాలదు. స్ట్రైనర్ నుంచి పంపుకు వెళ్లే పైపు బిగింపు దగ్గర ప్యాకింగు కూడా మార్చాలి, అక్కడ గాలి పీల్చినా ఇదే లక్షణం వస్తుంది. వాల్వు మూత తీసి కిందికి ఆయిల్ జారే రంధ్రాలు తెరుచుకుని ఉన్నాయో లేదో చూడాలి. రిలీఫ్ వాల్వును విప్పి అందులో నలక ఉంటే తీయాలి. ఇవన్నీ ఒకే రోజు పని, చేసే చేతికి ఓపిక ఉంటే చాలు. ఉత్తరపారా ఫ్యాక్టరీలో ఈ కారు తయారీ 2014లో ఆగిపోయినా, టాక్సీలుగా తిరిగిన పుణ్యాన చాంబరు ప్యాకింగు, స్ట్రైనర్ లాంటి చిన్న సామాన్లు పాత స్పేర్ల దుకాణాలలో ఇంకా దొరుకుతూనే ఉన్నాయి.

తీసిన పాత ఫిల్టరును పారేయకుండా కోయించి, కాగితపు మడతలు విప్పి వెలుతురులో చూడండి. మసి ఒక్కటే ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు. మెరిసే రేకుల్లాంటి పొడి ఉంటే దాని మీద అయస్కాంతం ఆడించండి. అంటుకున్నది ఇనుము, అంటుకోకుండా రాగి రంగులోనో వెండి రంగులోనో మెరిసేది చాలావరకు బేరింగు. రెండు నెలలుగా మీరు హైవే మీద ఎంత తిరిగారన్న దాన్ని బట్టి ఇది ఉండవచ్చు, లేకపోవచ్చు. కనిపిస్తే చాంబరు ఎలాగూ కిందికి దించారు కనుక రాడ్ బేరింగులను అప్పుడే చూడమనండి.

మసి సంగతి మరి ఏం చేయాలంటారా? మంచి డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లోనూ, నేటి పెట్రోలు ఆయిల్‌లోనూ మసిని నెమ్మదిగా కరిగించి ఫిల్టరుకు చేర్చే రసాయనాలు ఉంటాయి. మొదటి రెండుసార్లు వెయ్యి కిలోమీటర్లకే ఆయిల్‌నూ ఫిల్టరునూ మార్చితే అదే పోతుంది. కిరసనాయిలు వంటింట్లో పొయ్యికి పనికొచ్చిన వస్తువు, బేరింగుకు కాదు. ఆయిల్ దారుల్లో మిగిలిపోయిన పావు లీటరు కూడా కొత్త ఆయిల్‌ను పలచన చేస్తుంది.

ప్రశ్న: మాది ఇరవై ఏళ్లు దాటిన చిన్న పెట్రోలు వ్యాను. పొద్దున మొదటిసారి స్టార్టు చేసినప్పుడు ఆరేడు సెకన్ల దాకా బల్బు ఆరడం లేదు, ఆ కాసేపు టాపెట్లు గలగలమంటాయి. తరువాత రోజంతా బల్బు వెలగదు, ఎంత వేడెక్కినా సరే. ఫిల్టరు ఈ మధ్యనే మార్చాము.
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఆ ఫిల్టరే కారణం అయివుండటానికి అవకాశం ఎక్కువ. ఇంజిన్ ఆగిన తరువాత ఫిల్టరులోని ఆయిల్ చాంబరులోకి జారిపోకుండా లోపల ఒక రబ్బరు నాలుక ఉంటుంది; చవక ఫిల్టర్లలో అది గట్టిపడి సరిగా మూయదు, కొన్నింటిలో అసలు ఉండదు. మీ వ్యానులో ఫిల్టరు అడ్డంగా గాని తలకిందులుగా గాని బిగించి ఉంటే రాత్రి పూట అది ఖాళీ అయిపోతుంది, పొద్దున పంపు ముందుగా దాన్ని నింపి ఆ తరువాతే బేరింగులకు ఆయిల్ పంపుతుంది. రోజంతా వేడి మీద కూడా బల్బు వెలగడం లేదు కనుక బేరింగుల గురించి ఇప్పుడే దిగులు అక్కరలేదు. అయినా ఇలాంటి ఎండు స్టార్టులు ఇంజిన్‌ను అరగదీస్తాయి కనుక దీన్ని వచ్చే సర్వీసు దాకా వదిలేయవద్దు.

కంపెనీ ఫిల్టరు గాని, ఆ రబ్బరు నాలుక ఉన్నట్లు వేలితో తడిమి చూసుకున్న మరో మంచి ఫిల్టరు గాని వేయండి. వేసిన మర్నాడు పొద్దున చూస్తే రెండు మూడు సెకన్లలో బల్బు ఆరిపోవాలి. అలా జరగకపోతే రాత్రి పూట ఆయిల్ ఖాళీ అవుతున్నది ఫిల్టరు నుంచి కాదు, పంపు నుంచి. అప్పుడు పీల్చే పైపు బిగింపునూ, పంపు సందులనూ చూడవలసి ఉంటుంది.